కొంగు అడ్డం పెట్టుకుని చెప్పిన పాఠాలు

కన్యక టీచర్ గురించి ముంబై దగ్గరి కామత్‌ఘర్‌లో ఎవరినడిగినా మంచిమాటే చెబుతారు. ఆ మాటలన్నీ నిజమే. కాకపోతే ఆవిడ ఎదుట మాత్రం అనకండి. చాయ్ ఇస్తుంది, మాట మారుస్తుంది, మిమ్మల్ని గుమ్మం దాకా సాగనంపి తలుపు వేసుకుంటుంది. ఎందుకలా చేస్తుందో తెలియాలంటే లత సంగతి తెలియాలి.

కన్యక భర్త హరీశ్‌కు శాంతి నగర్‌లో నూలు దుకాణం ఉంది. ఆవిడకు ఉద్యోగం చేయవలసిన అవసరం ఏమీ లేదు. కరీంనగర్‌లో చేసిన టీచర్ ట్రైనింగ్ వృథా పోకూడదని పెళ్లయిన మరుసటి ఏడాదే, కరీంనగర్ వైపు నుంచి వలస వచ్చిన నేతవాళ్ల పిల్లలు చదివే తెలుగు బడిలో చేరింది. ఆ బడికి అటూ ఇటూ మరమగ్గాల కార్ఖానాలే. పొద్దంతా ఒకటే రొద. పాఠం చెప్పాలంటే గొంతు చించుకోవాలి. దానికి తోడు ఆవిడకు సుద్ద పొడి పడదు, తుమ్ములు మొదలైతే ఆగవు. అందుకని ముక్కుకూ నోటికీ కొంగు అడ్డం పెట్టుకుని, బోర్డు వైపు తిరిగి రాస్తూ పాఠం చెప్పేది. అయినా పిల్లలు చక్కగా రాసుకునేవారు. డిక్టేషన్‌లో బడి మొత్తానికి ఆవిడ తరగతే ముందుండేది. ఆ విషయంలో కన్యకకు కొంచెం గర్వం. కొంచెమేమిటి, బాగానే గర్వం.

1997లో మూడో తరగతిలోకి లత వచ్చింది. తండ్రి లస్మయ్య సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను నేతవాళ్లు సాంచాలంటారు. తల్లి వెంకవ్వ అదే కార్ఖానాలో మగ్గాలకు నూలు కండెలు చుడుతుంది. లత బోర్డు మీదున్నదాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో దించేది. డిక్టేషన్ పెడితే మాత్రం సున్నా. పక్కనున్న బిందు నోటుబుక్కులోకి తొంగి చూసేది. ప్రశ్న అడిగితే ఒకరోజు ఠక్కున జవాబు చెప్పేది, మరొక రోజు ఎంత అరిచినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. మాట్లాడితే గట్టిగా, కాస్త ముద్దముద్దగా మాట్లాడేది. మగ్గాల దగ్గర పెరిగిన పిల్లలంతా అరిచినట్టే మాట్లాడతారు కనుక అందులో ఎవరికీ వింత కనిపించలేదు.

కన్యక వెంకవ్వను పిలిపించింది.

"మీ పిల్ల ఇంట్ల గూడ గిట్లనే ఉంటదా? ఎంత పిలిచినా పలుకది."

"మా పొల్లనా టీచరమ్మా? ఒక్క పని చెప్తె నాలుగు పనులు చేస్తది. నోరు ఆడిస్తె సాలు, దానికి సమజైతది."

తల్లి ఉన్నమాట ఉన్నట్టు చెప్పింది. కన్యక దాన్ని బిడ్డ మీద మురిపెం అనుకుంది.

"అంటే బడిలనే మొండికేస్తున్నదన్నట్టు."

"రెండు తగిలియ్యి టీచరమ్మా. మా లెక్క కాకుంట, చదువు రావాలె దానికి."

ఆ రెండూ కన్యక స్కేలుతో తగిలించింది. లత ఏడవలేదు. ఏడవకపోవడం ఆవిడకు ఇంకా పొగరుగా కనిపించింది.

ఒకరోజు డిక్టేషన్ మధ్యలో లత మళ్లీ బిందు పుస్తకంలోకి చూసింది. కన్యక ఆ కాగితం చింపి, రెక్క పట్టుకుని వరండాలో గోడ వైపు తిప్పి నిలబెట్టింది. పావుగంటకు కోపం చల్లారింది. బోర్డు దగ్గర నుంచే "లోపలికి రావే" అని పిలిచింది. లత రాలేదు. రెండోసారి పిలిచింది, రాలేదు. ఇంత చిన్నపిల్లకు ఇంత పంతమా అని, "ఉండనీ" అనుకుని పాఠం సాగించింది. బడి వదిలేదాకా ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంది. ఎండ కాళ్ల మీదికి వచ్చినా కదల్లేదు.

ఆ ఏడాది చివర ప్రోగ్రెస్ కార్డు మీద కన్యక "మొండిది, చదువు మీద ధ్యాస లేదు" అని రాసింది. హెడ్మాస్టర్ రామనాథం దాన్ని లస్మయ్యకు చదివి వినిపించాడు. లస్మయ్య దండం పెట్టి బిడ్డను తీసుకుపోయాడు. మరుసటి వారం నుంచి లత తల్లి పక్కన కండెలు చుడుతోందని పిల్లలు చెప్పారు. కన్యక హాజరు పట్టీలో ఆ పేరు కొట్టేసింది. ఒక తలనొప్పి వదిలిందని కూడా అనుకుంది. ఆ మాట పైకి అనలేదు గాని, అనుకున్న సంగతి ఆవిడ మనసుకు తెలుసు.

అయిదేళ్లు గడిచాయి. బడి మానేసిన పిల్లలను ఇంటింటికీ తిరిగి వెతికే పని టీచర్ల మీద పడింది. అంతకు ముందే ఠాణా పట్టణంలో మూడు రోజులు, వైకల్యమున్న పిల్లలను అందరితో పాటు కూర్చోబెట్టి ఎలా చదివించాలో పాఠాలు చెప్పారు. భోజనం తర్వాత పాఠాలకు కన్యక సుఖంగా కునికింది. సర్టిఫికెట్ మాత్రం వచ్చింది. ఆవిడ చేతికిచ్చిన జాబితాలో రెండో పేరు లత.

పదేళ్లుగా నూలు అమ్ముకునే ఇంట్లో ఉన్నా, నడుస్తున్న కార్ఖానాలోకి కన్యక అడుగు పెట్టడం అదే మొదలు. లోపల చెవులు గింగురుమన్నాయి. పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. అక్కడ ఎవరూ అరవడం లేదు, పెదాలు ఆడిస్తున్నారు, వేళ్లు చూపిస్తున్నారు. నాలుగు సాంచాల అవతల నుంచి లస్మయ్య ఏదో అంటే, ఇవతల మూలనున్న లత పకపకా నవ్వి తిరిగి ఏదో అంది. పదమూడేళ్ల పిల్ల, తెలివంతా కళ్లలోనే ఉంది. ఇంత చురుకైన పిల్లను ధ్యాస లేనిదని రాశానే అని కన్యకకు సిగ్గేసింది.

అంతలో కరెంటు పోయింది.

సాంచాలన్నీ ఆగిపోయాయి. ఒక్కసారిగా నిశ్శబ్దం. లత అప్పుడే ఇటు వీపు పెట్టి గంపలో కండెలు సర్దుకుంటోంది.

"లతా!" అని పిలిచింది కన్యక.

కార్ఖానాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు, లత ఒక్కతే చూడలేదు.

"ఓ పొల్లా, టీచరమ్మ అచ్చింది, సూడు!" అంది వెంకవ్వ నవ్వుతూ. మళ్లీ పిలిచింది. మూడోసారి పిలిచేటప్పటికి ఆమె ముఖంలో నవ్వు లేదు. దగ్గరికెళ్లి బిడ్డ తల వెనక చప్పట్లు కొట్టింది. లత కండెలు సర్దుతూనే ఉంది.

వెంకవ్వ నేల మీద కూలబడింది. "అయిదేండ్లప్పుడు పెద్ద జరమచ్చింది టీచరమ్మా. గప్పుడే పోయినట్టున్నయి చెవులు. ఇంటికాడ గూడ మేమందరం మూతులు సూసే మాట్లాడుకుంటిమి, ఇదీ మాట్లాడవట్టె. కన్నతల్లినై ఉండి ఎర్కపట్టలేకపోతిని. పాపిష్టిదాన్ని."

ఈ తల్లికి రొద అడ్డమొచ్చింది, అనుకుంది కన్యక. తనకేం అడ్డమొచ్చింది? ఏడాది పాటు ఆ పిల్ల తన కళ్లెదుటే కూర్చుంది. పెదాలు చూసి బతికే పిల్లకు కొంగు చాటు నుంచి, గోడకేసి తిరిగి పాఠాలు చెప్పింది. వరండాలో పిలిస్తే రాని పిల్ల, పిలుపు వినబడక రాని పిల్ల. ఇవన్నీ గొంతు దాకా వచ్చాయి. "ఏడువకు వెంకవ్వా, నీ తప్పేం లేదు" అని మాత్రం అంది. తప్పెవరిదో చెప్పలేదు. ఆ తల్లి పాపమంతా తన నెత్తిన వేసుకుంటుంటే చూస్తూ నిలబడింది. స్కేలుతో కొట్టిన దానికన్నా ఆ మౌనమే ఎక్కువ పాపమని ఆవిడకు తర్వాత అనిపించింది.

ముంబై పెద్దాసుపత్రికి లతను కన్యకే వెంటబెట్టుకుని వెళ్లింది. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండో చెవికి మిషన్ పెడితే కొద్దిగా వినబడుతుందన్నారు. లతను మళ్లీ బడికి పంపమని లస్మయ్యను బతిమాలింది. అతను ఒప్పుకున్నాడు, హెడ్మాస్టరే అడ్డుపడ్డాడు.

"గిసుంటి పిల్లలకు ముంబైల వేరే బడి ఉంటదట గదమ్మా?"

"వాళ్లమ్మ, నాయిన, దోస్తులు అందరు ఈడనే ఉన్నరు సార్. నా తరగతిలనే కూసుంటది."

"మీతోని అయితదా?"

"ఒకసారి కాలేదు సార్. అందుకే అడుగుతున్న."

లత నాలుగో తరగతిలో తనకన్నా చిన్నపిల్లల మధ్య ముందు బల్ల మీద కూర్చుంది. కన్యక నోటికి అడ్డం పెట్టుకునే కొంగు తీసేసింది. రోజంతా తుమ్ముతూనే ఉండేది. ముందు బోర్డు మీద రాసేది, తర్వాత పిల్లల వైపు తిరిగి మాట్లాడేది. అలవాటు చొప్పున ఒక్కోసారి గోడకేసి తిరిగి చెప్పబోతే పిల్లలు బల్లలు చరిచేవారు. పక్కన కూర్చునే శృతి పాఠం ఏ వరుసలో నడుస్తోందో వేలు పెట్టి చూపేది. డిక్టేషన్‌లో లతకు మొదట పదికి ఆరు వచ్చాయి, ఆగస్టు నెలాఖరుకు ఎనిమిది.

టీచర్స్ డే నాడు లస్మయ్య ఆ రోజు పగార్ పోగొట్టుకుని మరీ బడికొచ్చాడు. అందరి ముందూ కన్యకకు శాలువా కప్పి, "మా పొల్ల బతుకు నిలబెట్టిన తల్లి" అంటూ కాళ్లకు మొక్కబోయాడు. ఆవిడ వెనక్కి జరిగింది. అందరూ వినయం అనుకుని చప్పట్లు కొట్టారు. ఆ శాలువా కప్పుకుని నిలబడిన అయిదు నిమిషాలూ ఆవిడకు నరకం.

మర్నాడు బడి వదిలాక లతను ఆపింది. ఎదురుగా కూర్చుని, పెదాలు స్పష్టంగా కదుపుతూ చెప్పింది. "మూడో తరగతిల నిన్ను కొట్టిన. వరండాల నిలబెట్టిన. నీకు ఇనబడదని నాకు తెల్వలే. తప్పు నాదే బిడ్డా. మీ అమ్మానాయినకు గూడ చెప్తా. గప్పుడు నా మీద నీకు మస్తు కోపమొచ్చి ఉంటది."

లత తల అడ్డంగా ఊపింది.

"నీకే నా మీద కోపమనుకున్న టీచర్. డిక్టేషన్ అంటవు, అందరు రాస్తుంటరు. నువ్వేమొ అటు తిరుగుతవు. అందరికి చెప్పి నాకొక్కదానికే చెప్తలేవనుకున్న. నేనేం తప్పు చేసిన్నో తెలిస్తె బంద్ జేద్దామని నీ మొకం దిక్కే సూసేదాన్ని."

నువ్వేం తప్పూ చేయలేదని చెప్పబోయింది కన్యక. పెదాలు వణికాయి, మాట కుదురుగా రాలేదు.

లత కాస్త ముందుకు వంగి, ఆవిడ నోటి కేసే చూస్తూ అంది.

"సమజ్ కాలే టీచర్. మల్లొక్కసారి చెప్పు."