గుంటలో మనిషి ఉన్నప్పుడు

మా మేస్త్రీ గొంతు సన్నం. బరువులెత్తే ముఠాకి పెద్ద అంటే ఊరదిరేలా అరుస్తాడనుకుంటారు చూడనివాళ్లు. ఆయన అరవడు. కానీ ఎంత మోతలోనైనా ఆయన మాట విడిగా, గోడ అవతలున్నవాడికి కూడా కత్తితో కోసినట్టు వినపడుతుంది. మీసం నల్లగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా తెల్లబడేదాకా ఆయన బతుకు ఆ గొంతు మీదే నడిచింది. ఇప్పుడాయన సర్కారు పనులు చెయ్యడం లేదు. ఎందుకు చెయ్యడం లేదో ఊళ్లో తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. నేను అక్కడే ఉన్నాను కాబట్టి చూసింది చెప్తాను.

క్రేను వెళ్లలేని చోట మా పని మొదలవుతుంది. మిల్లు నేలమాళిగలోకి బాయిలరు దించాలన్నా, ఆసుపత్రి మేడ మీదికి పెద్ద యంత్రం చేర్చాలన్నా మమ్మల్నే పిలుస్తారు. కప్పీలు, ఇనుప తాళ్లు, కొన్ని దుంగలు, ఒక చేతి వించి, ఇదే మా ఆస్తి. వించి అంటే తాడు చుట్టుకునే డ్రమ్ము, దాన్ని తిప్పే పిడి, పక్కనే బ్రేకు. అది మేస్త్రీ కూతురి చేతిలో ఉంటుంది. ఆమెని నేను అక్కా అంటాను. ఆమె భర్త, అంటే మేస్త్రీ అల్లుడు, బరువు దిగే చోట కింద నిలబడి దాన్ని సరిగ్గా కూర్చోబెడతాడు. బరువు ఊగకుండా అదుపు తాడు పట్టుకునేది నేను. మిగతావాళ్లు పనిని బట్టి వస్తారు, పోతారు.

మా ముఠాలో ఒక కట్టుబాటు ఉంది. మేస్త్రీ తాత పెట్టాడట. తాడు బిగిసిన క్షణం నుంచి బరువు నేల తాకేదాకా ఎవరికి ఎవరూ ఏమీ కారు. మామ లేడు, అల్లుడు లేడు, పెద్దా చిన్నా లేదు. ఇంట్లో మామగారి ఎదుట కుర్చీలో కూడా కూర్చోని అల్లుడు, గుంటలోంచి ఆయన్ని "ఒరేయ్, ఎడమకి తొయ్యి" అంటాడు. కూతురు తండ్రిని "ఓయ్, ఏదో ఒకటి చెప్పి చావు" అంటుంది. బరువు దిగాక మళ్లీ మామయ్యగారూ, నాన్నా. కొత్తగా చూసినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. ఒక మిల్లు యజమాని ఇదేం కుటుంబమండీ అని అడిగితే, మర్యాదకి టైము పడుతుందండీ, బరువు అంతసేపు ఆగదు అని మేస్త్రీ నవ్వేశాడు.

ఈ ఒరేయ్‌లూ ఓయ్‌లూ అన్నీ మా మాటలోనే. మా మాట మాట్లాడేవాళ్లం దేశంలో కొద్దిమందిమి. ప్రభుత్వానికి మా మీద కోపమేమీ లేదు. అప్పుడప్పుడూ సభ పెట్టి, మా ముసలమ్మల చేత పాటలు పాడించి, శాలువాలు కప్పుతుంది. బడిలో చిన్న తరగతుల దాకా మా మాట ఉండేది. పంతుళ్లు దొరకడం లేదని తీసేశారు. బస్సుల మీద మా అక్షరాలు కింద వరసలో చిన్నగా ఉండేవి. కొత్త బస్సులొచ్చినప్పుడు రంగు వేసేవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఏ ఒక్కటీ రోడ్డెక్కి పోట్లాడాల్సినంత పెద్దదిగా కనిపించలేదు.

పని మాటల ఉత్తర్వు కూడా అలాగే వచ్చింది. ఎక్కడో వంతెన పనిలో రెండు భాషల కూలీలు ఒకే దూలం ఎత్తారట. ఒకడు చెప్పింది రెండోవాడికి అర్థం కాక మనిషి పోయాడు. అప్పటి నుంచి సర్కారు పనుల్లో బరువులెత్తే ప్రతి ముఠా ఒకరికొకరు చెప్పుకునే మాటలన్నీ దేశమంతా వాడే ఉమ్మడి భాషలోనే చెప్పుకోవాలన్నారు. అధికారి వచ్చి ఒక పని కళ్లారా చూసి సరేనంటేనే పర్మిట్టు. పర్మిట్టు లేకపోతే సర్కారు పని లేదు. సర్కారు పని లేకపోతే మాకు మిగిలేది ఎప్పుడో ఒకసారి పిలిచే మిల్లులే. అల్లుడు చిందులు తొక్కాడు. మేస్త్రీయే సర్దిచెప్పాడు. చచ్చినవాడు కూడా మనలాంటివాడే కదా, నేర్చుకుందాం, ఆ కాసిని మాటలకి నోరు తిరక్కపోతుందా అన్నాడు.

నోరు తిరిగింది. చిక్కు అక్కడ రాలేదు.

ఉమ్మడి భాష మాకందరికీ వచ్చు. రాకపోతే బతకలేం. కానీ మేము దాన్ని నేర్చుకున్నది కిటికీల దగ్గర. ఆసుపత్రి చీటీల కిటికీ, కరెంటు ఆఫీసు కిటికీ, పోలీసు స్టేషన్లో రైటరు బల్ల, పిల్లల్ని చేర్పించేటప్పుడు హెడ్మాస్టరు గది. ఆ భాషలో మేమెప్పుడూ కూర్చుని మాట్లాడలేదు. ఎవరికీ పని చెప్పలేదు. చేతులు కట్టుకుని అడుక్కోవడానికే వాడాం. అందుకని ఇంట్లో సాధన మొదలుపెట్టిన రోజు, మేస్త్రీ గోడ ఇవతల నిలబడి, అవతల వించి దగ్గరున్న అక్కకి ఆపమని చెప్పబోతే ఆయన నోట్లోంచి వచ్చింది ఇది.

"అయ్యా, దయచేసి కొంచెం ఆపుతారా?"

గోడ అవతలి నుంచి అక్క అదే భాషలో, "చిత్తం అండీ, ఇప్పుడే ఆపుతున్నాను" అంది.

అల్లుడు కడుపు పట్టుకుని నవ్వాడు. మేస్త్రీ భార్య వంటింట్లోంచి వచ్చి, ఇన్నేళ్ల కాపురంలో నాతో ఒక్కసారైనా ఇంత మర్యాదగా మాట్లాడారా, ఈ భాషేదో బాగుంది, ఇంట్లో కూడా ఖాయం చేసేయండి అంది.

మేస్త్రీ నవ్వలేదు. పెరట్లో కప్పీ కట్టి, ఇటుకల బుట్ట తగిలించి, రోజూ సాధన చేయించాడు. అందరం ఒకర్నొకరు ఆ భాషలో గదమాయించుకోవాలన్నాడు. అదీ కష్టమే అయింది. మాకు ఆ భాషలో తెలిసిన గదమాయింపులన్నీ మేము తిన్నవే. అల్లుడు కింద నుంచి చీటీల గుమాస్తా గొంతుతో, "వెనక్కి జరుగు, నీ వంతు రాలేదు" అనేవాడు. బుట్ట గాలిలో ఊగుతుంటే మేము నవ్వలేక చచ్చేవాళ్లం. పోనుపోను మాటలు దారికి వచ్చాయి. ఎత్తు, వదులు, ఆపు. అయ్యా లేదు, దయచేసి లేదు. మేస్త్రీ మొహం తేటపడింది. అక్క మాత్రం బుట్ట దించి, ఇటుకలు కిందపడితే మళ్లీ ఏరుకోవచ్చు నాన్నా అని లోపలికి వెళ్లిపోయింది.

మమ్మల్ని పరీక్షించింది నీళ్ల పంపుహౌసులో. సగం ఊరికి నీళ్లు అక్కడి నుంచే వెళ్తాయి. పాత మోటారు కాలిపోయింది. ట్యాంకర్ల దగ్గర జనం కొట్టుకుంటున్నారు. ఇంజినీరు పొద్దున్నే వచ్చి, సాయంత్రానికల్లా నీళ్లు వదలాలి అని మాకూ చెప్పాడు, గోడలకీ చెప్పాడు. అధికారి వయసులో చిన్నవాడు. హెల్మెట్టు పెట్టుకుని వచ్చాడు. చెడ్డవాడేం కాదు. నా అదుపు తాడు ముడి చూసి ఇలా ఎందుకు వేశావని అడిగి, నేను చెప్తుంటే శ్రద్ధగా విన్నాడు. తర్వాత అందర్నీ నిలబెట్టి, పైనా కిందా ఏ మాటైనా ఉమ్మడి భాషలోనే ఉండాలని, వేరే మాట చెవిన పడితే ఈ ఏడాదికి పర్మిట్టు లేనట్టేనని మెల్లగా, స్పష్టంగా చెప్పాడు.

మోటారు దిగాల్సింది నేలలో ఉన్న చదరపు కంతలోంచి. మోటారుకీ అంచుకీ మధ్య నలువైపులా బెత్తెడు సందు. దాని కింద లోతైన గుంట. వించికి చోటు లేక పక్క గదిలో నేలకి బిగించాం. తాడు గోడకున్న కన్నంలోంచి వచ్చి, కప్పీ మీదుగా కొక్కేనికి వెళ్తుంది. వించి దగ్గర కూర్చున్న అక్కకి మోటారు కనపడదు, గుంట కనపడదు, నాన్న కనపడడు. ఆమెకి ఆధారం మాట ఒక్కటే.

అల్లుడు చేతిజోళ్లు వేసుకుని నిచ్చెన మీద గుంటలోకి దిగాడు. మేస్త్రీ అంచు దగ్గర మోకాలి మీద కూర్చున్నాడు. అధికారి ఆయన పక్కనే నిలబడ్డాడు.

ఎత్తడం బాగానే సాగింది. మోటారు పైకి లేచి, కంత మీదికి జరిగి, నిలిచింది. మేస్త్రీ ఉమ్మడి భాషలో వదులు అన్నాడు. తాడు కదిలింది. మోటారు నేల మట్టం దాటి లోపలికి దిగుతుంటే నా చేతుల్లో తాడు ఉడుకెత్తింది. అధికారి తల ఊపుతున్నాడు. మెచ్చుకుంటున్నాడని తెలుస్తోంది.

గుంట గోడకి పాత పైపు బిగించిన ఇనుప ముక్క ఒకటి మిగిలిపోయింది. మోటారు అడుగున ఉండే ఇనుప పాదం దాని మీద ఆనింది. ఒక పక్కకి వాలింది. అల్లుడు రెండు చేతులతో మోటారుని అవతలికి నెట్టాడు. అది ఇనుప ముక్క మీద నుంచి జారి, ఒక్క కుదుపుతో గోడ వైపు తిరిగింది. పాదానికీ గోడకీ మధ్య అతని కుడిచెయ్యి ఉండిపోయింది. తాడు ఇంకా దిగుతూనే ఉంది.

భయపడిన మనిషి నోట ఏ భాష వస్తుందో ఎవరు చెప్పగలరు. పర్మిట్టు కోసం అన్నాళ్లు నోరు అలవాటు చేసుకున్నాడు కాబట్టి అతనికి ఉమ్మడి భాషే వచ్చింది. కానీ అది పెరట్లో నేర్చుకున్నది కాదు, కిటికీ దగ్గరది. "అయ్యా, అయ్యా, నా చెయ్యి, కాస్త దయ ఉంచి..." అంటున్నాడు. మేస్త్రీ గోడ వైపు తిరిగాడు. ఆయన సన్నటి గొంతులోంచి, "దయచేసి... కొంచెం..." అని వచ్చింది.

గోడ అవతల అక్కకి 'దయచేసి' అన్నది వినపడింది. ఏం చెయ్యమంటారో దాని తర్వాత వస్తుందని ఎదురుచూసింది. ఆ ఎదురుచూపులో తాడు ఇంకాస్త దిగింది. కింద అల్లుడి మాట ఆగిపోయింది. నేను తాడుని వెనక్కి లాగుతున్నాను. ఆ బరువు ముందు నేనెంత.

మేస్త్రీ మొహం మారింది. పక్కన అధికారి ఉన్నాడన్న సంగతి ఆ మొహంలోంచి పోయింది.

"ఆపెహె!"

మా మాట. గోడ అవతల బ్రేకు టక్కున పడింది. తాడు నిలిచింది. ఇనుప తాడు సన్నగా కిర్రుమంటోంది.

అప్పటికీ గండం గడవలేదు. చెయ్యి ఇంకా సందులోనే ఉంది. ఎక్కువ ఎత్తితే పాదం మళ్లీ ఇనుప ముక్కకి తగిలి చేతి మీదికే తిరుగుతుంది. అధికారి వంగి, మేస్త్రీగారూ, ఉమ్మడి భాషలో, అని నెమ్మదిగా గుర్తుచేశాడు. ఆయన తల తిప్పలేదు. మా మాటలోనే, మంచం మీద పసిబిడ్డని జరిపినంత మెల్లగా, అక్కకి చెప్తూపోయాడు. ఎత్తు. వెంట్రుకంత. ఇంకో వెంట్రుక. ఉండు. కింద నుంచి అల్లుడి గొంతు మా మాటలోనే లేచింది.

"ముసలోడా, నిద్రపోతున్నావా? ఇంకొంచెం ఎత్తించు."

ఆ తిట్టు విన్నాక నాకు ఊపిరి ఆడింది. ఇంకో వెంట్రుక లేచాక చెయ్యి బయటికి వచ్చింది. చేతిజోడు అక్కడే గోడకి అంటుకుని ఉండిపోయింది. వేళ్ల మీద తోలు లేచి రక్తం కారుతున్నా అతను పైకి రాలేదు. ఎడమచేత్తోనే మోటారుని తిప్పి, బోల్టుల మీద కూర్చోబెట్టి, చాలురా అన్నాడు. తాడు సడలింది. మేస్త్రీ వంగి, మా మాటలోనే, పైకి రా నాయనా అన్నాడు.

ఇంజినీరు అల్లుణ్ని కట్టు కట్టించడానికి తీసుకెళ్లాడు. అధికారి హెల్మెట్టు తీసి చేత్తో పట్టుకున్నాడు. అతని జుట్టు చెమటతో తడిసింది. మేస్త్రీని కిటికీ పక్కకి పిలిచాడు. నేను అక్కడే తాడు చుడుతున్నాను. అక్క పక్క గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. తను చూసింది చూశానని, మనిషి ప్రాణం దక్కింది కదా అదే పదివేలని, ఇంత పనివాళ్లకి పర్మిట్టు లేకుండా చేసి వెళ్లడం తన వల్ల కాదని అధికారి చెప్పుకొచ్చాడు.

"ఆ ఆపమన్న మాట ఇప్పుడు ఉమ్మడి భాషలో ఒక్కసారి అనండి. నేను విన్నదే రాస్తాను. మిగతావి నాకు వినపడలేదు."

మేస్త్రీ పీచుదూదితో చేతులు తుడుచుకుంటున్నాడు. అక్క గుమ్మంలోంచి అంది.

"అనెయ్యి నాన్నా. ఒక్క మాటే కదా. పిల్లల మొహం చూసి అనెయ్యి."

ఆయన కూతురి వైపు చూశాడు. నాకు మాత్రం ఆయన అనేస్తాడనిపించింది. అనాలని నేనూ కోరుకున్నాను. అబద్ధం ఎందుకు, నాకూ ఇల్లుంది. చివరికి ఆయన అధికారితో ఉమ్మడి భాషలోనే, చేతులు కట్టుకునే మాట్లాడాడు.

"అయ్యా, తమరి మనసు మంచిది. కానీ తమరలా రాస్తే, ఈ భాషతో పని సవ్యంగా జరిగిందని కాగితం మీద ఉండిపోతుంది. దాన్ని నమ్మి రేపు ఇంకొకణ్ని ఇలాగే గుంటలోకి దింపుతారు. జరిగిందే రాయండి."

"పర్మిట్టు రాదు, మేస్త్రీగారూ."

"తెలుసండీ."

అధికారి కిటికీ గట్టు మీద కాగితం పెట్టి రాశాడు, చాలాసేపు రాశాడు. మేస్త్రీ చేత కింద సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.

అక్క పక్క గదిలోకి వెళ్లి వించి బోల్టులు విప్పడం మొదలుపెట్టింది. మేస్త్రీ వెళ్లి పక్కన కూర్చుని పానా కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. ఆయన వైపు చూడలేదు కూడా. ఒక్కో బోల్టు విప్పి నేల మీద విసిరికొడుతోంది. ఆయన చాపిన చెయ్యి అలాగే ఉంచి కూర్చున్నాడు.

ఇంతలో అల్లుడు తిరిగొచ్చాడు. కుడిచేతికి లావుగా కట్టు, వేళ్ల కొసలు మాత్రం బయటికి ఉన్నాయి. ఏమైంది, ఇచ్చాడా అని అడిగాడు. అక్క లేచి వెళ్లి అతని చెయ్యి తీసుకుంది. వేళ్లు ముడవమంది. ముడిచాడు. చాపమంది. మొహం చిట్లించుకుని చాపాడు. బొటనవేలు తనే పట్టుకుని, ఇది, అంది. అదీ కదిలింది. ఆ చెయ్యి వదలకుండా కాసేపు అలాగే నిలబడింది.

తర్వాత వచ్చి, వించి అవతలి వైపు కూర్చుని, చేతిలో ఉన్న పానా తండ్రికిచ్చి, సంచిలోంచి తను ఇంకోటి తీసుకుంది.

"అటువైపువి తుప్పు పట్టాయి నాన్నా. మెల్లగా తిప్పు."