మా పెద్దమ్మ బొంత, నా ఇటాలియన్

నా నోటి దూలతోని మా పెద్దమ్మ పరువు ఇటలీ దాకా పోయిన కథ చెప్త. నవ్వుండ్రి, ఫికర్ లేదు. నాకైతే యాదికొస్తే నవ్వు సగంలనే ఆగిపోతది.

అప్పుడు నేను పాలమూరుల డిగ్రీ చదువుతున్న. ఇంగ్లీషు అందరికీ వస్తదని, ఫోన్ల ఇటాలియన్ మొదలువెట్టిన. నలభై దినాలకే ఇటలీల పుట్టినోని లెక్క చేతులు తిప్పుకుంట మాట్లాడుడు షురూ చేసిన. ఆ వారం పాఠం సృజన గురించి, ప్రేరణ గురించి.

సెలవులకు కొల్లాపూర్‌ల పెద్దమ్మ ఇంటికి పోయిన. పెద్దమ్మ పాత చీరెలతోని బొంతలు కుడ్తది. ఒక బొంత లెక్క ఇంకో బొంత ఉండదు. గోడ మీద ఆరేసిన బొంతను చూసి రోడ్డు మీద పోయే కారు ఆగింది. అండ్లకెళ్లి దిగిన ఇటలీ ఆమె బొమ్మలు గీస్తదట. ఆమె ఇంగ్లీషుల చెప్తే, డ్రైవర్ మాకు తెలుగుల చెప్పవోయిండు.

"నువ్వు జర ఆగన్నా, నాకు ఇటాలియన్ వస్తది" అని ఆయనను చాయ్ తాగనీకి తోలిన.

ఆమె సంబురపడి, బొంత మీద చెయ్యివెట్టి ఇటాలియన్‌ల ఏదో అడిగింది. ఆమె అన్నది 'ఇస్పిరాత్సియోనే', అంటే ప్రేరణ. నాకు వినిపించింది 'రెస్పిరాత్సియోనే', అంటే ఊపిరి.

"పెద్దమ్మా, నీకు ఊపిరి యాడికెళ్లి వస్తదని అడుగుతాంది."

పెద్దమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "యాడికెళ్లి వస్తది బిడ్డా, ముక్కులకెళ్లి! గీమె దవాఖాన డాక్టరమ్మనా?"

నేను ముక్కు చూపించుకుంట అదే ఇటాలియన్‌ల చెప్పిన. ఆమె మొఖం చిన్నగైంది. అరెరె, పెద్దమ్మ గొప్పతనం చెప్పాలె అనుకొని, మంచి సృజన ఉన్న మనిషి అనవోయిన. 'క్రెయాతీవా' అనాలె. నా నోట్లకెళ్లి 'కత్తీవా' వచ్చింది. అంటే దుర్మార్గురాలు! అదీ ఒక్కసారి కాదు, ఆమెకు సమజ్ కాలేదేమో అని మూడుసార్లు, గట్టిగ.

ఆమె బొంత మీదికెళ్లి చెయ్యి తీసేసింది. నేను మెచ్చుకుంటున్న అనుకొని పెద్దమ్మ సిగ్గుపడుకుంట నవ్వుతాంది. ఇటలీ ఆమె దండం పెట్టి కారెక్కిపోయింది.

తెల్లారి ఫోన్ల ఆ పాఠం మల్ల తీసి వింటే, ఆమె అన్నదేందో, నేను అన్నదేందో అప్పుడు సమజైంది. పోయి పెద్దమ్మకు అంతా చెప్పిన. నవ్వుతదేమో అనుకున్న. కుట్టుడు ఆపింది.

"అంటే, గీ రంగుల జత నాకు ఎట్ల తడ్తదని అడిగిందా?"

"ఔ పెద్దమ్మా."

"నలభై ఏండ్లసంది కుడ్తున్న. గా ముచ్చట ఎవ్వరడగలే. ఒక్కరు అడిగితే, ముక్కు అని చెప్పిన."

"పోనీ, ఇప్పుడు నాకు చెప్పు."

"నువ్వు అడగలే గద బిడ్డా. గామె అడిగింది" అని మల్ల బొంత ఒళ్లెకు గుంజుకుంది.

గందుకే కృష్ణమ్మ సాక్షిగ, నలుగురి ముంగట ఒట్టు పెడుతున్న: సగం వచ్చిన భాషతోని ఇద్దరు మనుషుల నడుమ నిలవడను. నిలవడాల్సి వస్తే, మూగోని లెక్క ఉంట.