రైలు లెక్కకు రెండు కుండల అంబలి

తొండియార్‌పేటలో మారెమ్మ గుడి మూల మీద తాయారు ఇడ్లీ కొట్టు పెట్టి ముప్పై ఒక్క ఏళ్లు. కొట్టంటే పెద్ద మాట. ఒక రాతిబల్ల, రెండు పొయ్యిలు, గుడి గోడకు కట్టిన నీలం టార్పాలిను, ఎదురుబొదురుగా రెండు బెంచీలు. మొగుడు హార్బర్లో మూటలు మోసి నడుం పడిపోయిన ఏడు పెట్టింది. ఆయన పోయాడు, కొట్టు నిలిచింది. ఆమె పెద్దలెప్పుడో నెల్లూరు పక్కనుంచి ఈ అరవదేశానికి వచ్చారట. ఎందుకొచ్చారని అడిగితే, "ఆడ ఇడ్లీ తినేవాళ్లు తక్కువయ్యుంటారు" అంటుంది.

రెండేళ్ల కిందట పక్క వీధిలోని వర్క్‌షాపు అంబత్తూరుకు లేచిపోయింది. దాంతోపాటు నూటయాభై నోళ్లు లేచిపోయాయి. పొద్దున పదికల్లా ఖాళీ అయ్యే ఇడ్లీ పాత్ర మధ్యాహ్నం దాకా ఆవిరి కక్కుతూ కూర్చునేది. మిగిలిన ఇడ్లీని చిదిపి ఉప్మా చేసుకుని ఒక్క ముసలిప్రాణం ఎంతని తింటుంది? ఇక కొట్టు మూయక తప్పదని అనుకుంటున్నప్పుడే కొత్త రైలు కబురు వచ్చింది.

రైలు ఆ వీధి మీదుగా, స్తంభాల మీద పోతుందట. వేసేది ఎవరన్నదే తేలలేదు. సర్కారు దగ్గర డబ్బు లేదట. కంపెనీ దగ్గర ఉందట గానీ ఊరికే పెట్టదట. ఈ సంగతి తేల్చే బాధ్యత తాయారు కొట్టు బెంచీల మీద పడింది. కుడి బెంచీ చెంగల్రాయుడిది. హార్బర్లో రిటైరై పెన్షన్ తింటున్న మనిషి కాబట్టి సర్కారు పక్షం. ఎడమ బెంచీ గిరిది. ఇళ్లూ స్థలాలూ చూపించే బ్రోకరు కాబట్టి కంపెనీ పక్షం.

"కంపెనీవోడు వస్తే ప్లాట్‌ఫారం మీద నిలబడినా టికెట్ అడుగుతాడు రా," అన్నాడు చెంగల్రాయుడు.

"ఇప్పుడు ప్లాట్‌ఫారం టికెట్ కొట్టేది ఎవురు మామా, నేనా? నీ సర్కారు ఆ కాలవ మీద వంతెన ఎన్నేళ్లు కట్టింది? శంకుస్థాపన నాడు చంకలో ఉండిన బిడ్డ, ఇప్పుడు తన బిడ్డను చంకనేసుకొని దాని మీద పోతా ఉండాది."

"రెండూ మనం చూసినవే లేబ్బా," అంది తాయారు చట్నీ వడ్డిస్తూ. "మారెమ్మ అంబలి గుర్తు లేదా?"

జూలై నడుమ పుట్టే అరవల ఆడి నెలలో మూడో ఆదివారం గుడి ముందు అంబలి కాచి, వచ్చినవాళ్లందరికీ పోయడం ఆ వీధి ఆచారం.

"ఇంటింటా రాగులెత్తి కాచిన ఏడు, కుండ అందరిదీ అయిపోయ. అందరిదీ కాబట్టి ఒక్కడూ గరిటె తిప్పలా. అడుగంటిపోయ. మరుసటేడు ఖర్చంతా సౌకార్‌పేట సేటు ఒక్కడే పెట్టుకున్నాడు. అంబలి అమృతం మాదిరి ఉండింది. అయితే వాడి బ్యానరుకు తావు లేదని అమ్మోరి మొహానికి అడ్డంగా కట్నారు. ఆ పొద్దు కర్పూరం ఎవురికి చూపించినామో నాకు ఈనాటికీ తెలీదు."

"అట్లయితే నువ్వు ఏ పక్క అత్తా?" అన్నాడు గిరి.

"రైలు నా కొట్టు కాడ నిలవాల. నిలిపేవోడు నా పక్క."

ఆడి పుట్టిన వారానికి కంపెనీ పంపిందని సునయన అనే పిల్ల వచ్చింది. విజయవాడ నుంచి కొత్తగా దిగింది.

"మామ్మగారూ, మీరు తెలుగువాళ్లా! వింటే తెలియలేదండీ."

"నీ తెలుగు మాకూ అట్లనే ఉండాది పాపా. ఏం పని మీద వచ్చినావు?"

"ఎల్లుండి శుక్రవారం ఆరు నుంచి పదకొండు దాకా ఈ మూలలో ఎంతమంది నడుస్తారో లెక్కపెట్టాలండీ. వెయ్యి దాటితే స్టేషను, లేకపోతే లేదు."

"ఒకే మనిషి రెండు తూర్లు పోతే?"

"రెండు లెక్కండీ."

తాయారు మరో ఇడ్లీ ఆ పిల్ల ప్లేటులో వేసి, తిన్నగా పూజారి చిన్నప్ప దగ్గరికి నడిచింది. అంబలి శుక్రవారానికి మార్చమంది.

"వాడిక ఆదివారం కదక్కా?"

"ఆడి శుక్రవారం అమ్మోరు వద్దంటుందా? అడిగి చెప్పు."

అమ్మవారు వద్దనలేదు.

శుక్రవారం వీధి వీధంతా చెంబులూ బక్కెట్లూ పట్టుకుని వచ్చింది. తాగినవాళ్లు ఇంటికి పోసుకెళ్లారు, పోసుకెళ్లినవాళ్లు మళ్లీ వచ్చారు. కంపెనీ వద్దే వద్దన్న చెంగల్రాయుడు ఆ మూల నాలుగుసార్లు దాటి కంపెనీకి నాలుగు తలలు సంపాదించి పెట్టాడు. లెక్క మీట నొక్కి నొక్కి సునయన బొటనవేలు వాచింది. లెక్క రెండు వేల మూడు వందల పదహారు.

రెండు నెలలకు గిరి ఫోన్లో ప్లాను చూపించాడు. రెండంతస్తుల స్టేషను, కింద షాపులు, పైకి పోయే కదిలే మెట్లు. జనం ఎక్కడ చిక్కగా ఉన్నారో సరిగ్గా అక్కడే మెట్లు పెట్టారు. అంటే తాయారు పొయ్యి మీద. మర్నాడు ఎవడో వచ్చి ఆమె రాతిబల్ల మీద పసుపు రంగుతో రాసిపోయాడు: అడ్డంకి 14.

"నువ్వు పిలిచిన జనమే అత్తా," అన్నాడు గిరి. "లోపల ఏసీలో ఇడ్లీ కూడా అమ్ముతారంట."

"అమ్మనీ. తినేదానికి అప్పిచ్చేవోడు కూడా పక్కనే కూర్చుంటాడు లే."

నోరు అలా అన్నది గానీ, ఆ రోజు ఆమె చట్నీలో ఉప్పు రెండుసార్లు వేసింది.

స్టేషను ఖర్చులో సగం సర్కారు పెట్టాలట. అందుకని సర్కారు కూడా తన మనిషిని లెక్కకు పంపింది. నాలుగు నెలల్లో రిటైరయ్యే గోపాలస్వామి ముందురోజే వచ్చి, "రేపు లెక్క ఉండాది, కూర్చునేదానికి నీడ దొరుకుతుందామ్మా?" అని అడిగాడు. తాయారు బెంచీ తుడిచి ఇచ్చి, మళ్లీ చిన్నప్ప దగ్గరికి పోయింది.

"రేపు అంబలి. వెనక సందులో."

"ఆడి ఎప్పుడో పోయిందే!"

"నా మొక్కు. మొక్కుకి నెలేంది?"

మర్నాడు వీధంతా వెనక సందులో ఉంది. గోపాలస్వామి కుడి బెంచీ మీద కూర్చుని ఆరు ఇడ్లీలు, రెండు వడలు తిని, పందొమ్మిది మందిని లెక్కపెట్టాడు.

"ఈడ జనమే లేరే! కంపెనీవోళ్లు ఎవుర్ని లెక్కపెట్నారు?"

"ఏమో సామీ. ఎండకి కళ్లు తిరిగుంటాయి."

రెండు వేల మూడు వందల పదహారుకూ పందొమ్మిదికీ ఆరు నెలలు కొట్లాట జరిగింది. చివరికి రాజీ కుదిరింది. స్టేషను రెండు కిలోమీటర్ల అవతలికి పోయింది. ఈ మూలకు దక్కింది స్తంభం ఒక్కటే, అదీ కొట్టుకు అవతలి పక్క. రైలు తాయారు నెత్తి మీదుగా, ఆగకుండా పోతుంది. కొట్టు మిగిలింది, తినేవాళ్లే రారు. సెబ్బాష్ అనుకుంది తాయారు, రెండు కుండల అంబలి పోసి తెచ్చుకున్నది ఇదన్నమాట.

కానీ స్తంభం దానంతట అది లేవదు కదా. గొయ్యి తవ్వడానికి ఒడిశా నుంచి అరవై మంది దిగారు. పొద్దున ఆరింటికే బెంచీలు చాలక రోడ్డు మీద గొంతుక్కూర్చుని తినసాగారు. పదికల్లా ఇడ్లీ పాత్ర ఖాళీ. గొయ్యి సగంలో ఉండగా స్తంభాల ఖర్చు ఎవరిదన్న పేచీ మళ్లీ లేచింది. కట్టేది సర్కారా, కంపెనీయా? బెంచీలు మళ్లీ వేడెక్కాయి.

"కంపెనీకి ఇస్తే పద్దెనిమిది నెలల్లో ముగించి పోతారు," అన్నాడు గిరి.

తాయారు గరిటె ఆగింది. "పోతారా? సర్కారైతే?"

గిరి నవ్వాడు. "కాలవ వంతెన మాదిరే అత్తా. ఇంకేంది!"

తాయారు వేడి ఇడ్లీలు రెండు తీసి, అడగకుండానే చెంగల్రాయుడి ప్లేటులో వేసింది.

"నువ్వు చెప్పిందే న్యాయం అన్నా. రైలనేది సర్కారే కట్టాల."

ముప్పై ఒక్క ఏళ్లలో తాయారు తన మాట ఒప్పుకోవడం చెంగల్రాయుడికి అదే మొదలు. ఆయన మీసం దువ్వుకుంటుంటే, ఆమె రేపటికి మరో రెండు పడుల బియ్యం నానబోయడానికి లేచింది.