మూత ఉన్న హెడ్‌ఫోన్లలో అడుగుల చప్పుడు

చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే ఆ ఆఫీసులో ఆమెను అందరూ చెవులక్క అనేవారు. ఎదురుగా అన్నా ఆమె ఏమీ అనుకునేది కాదు. పందొమ్మిదేళ్ళుగా ఆమె ఉద్యోగం వినడమే. గాజు గదిలో ఎవరో చదువుతారు. ఆ చదివినదాన్ని ఈమె అచ్చు పుస్తకం ముందు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా వింటుంది. పదం మింగేసినా, కుర్చీ కిర్రుమన్నా, చదివేవారి కడుపులో పేగులు అరిచినా తప్పుల కాగితంలోకి ఎక్కాల్సిందే.

ఇంట్లో ఉండేది ఆమె, పిన్ని, ఇద్దరే. తల్లి పోయాక పెంచింది ఆ పిన్నే. ఆవిడకు వినికిడి తక్కువ. "ఇంటికి రావలసిన చెవులన్నీ నీకే పంచేశాడే దేవుడు. నాకు పోగులు పెట్టుకోవడానికి రెండు మిగిల్చాడంతే" అని నవ్వేది.

ఆఫీసు హెడ్‌ఫోన్లు పాతవి. వెనక జల్లెడలాంటి రంధ్రాలుండే రకం. వాటి స్పాంజి రాలి ఆమె జుట్టులో నల్లటి నలుసులు మిగిలేవి. ఒకరోజు, చదివే మాస్టారు తప్పు చదివిన వాక్యాన్ని మళ్ళీ చదువుతుంటే, ఆమె గాజు గదిలోనే ఆయన పక్కన కూర్చుని పాత రికార్డింగు వింటోంది. తీరా చూస్తే ఆమె చెవుల దగ్గర నుంచి కారిన గొంతు కూడా మైకులోకి వెళ్ళిపోయింది. ఒకే వాక్యాన్ని ఇద్దరు మాస్టార్లు ఒకరి వెనక ఒకరు చదువుతున్నట్టు వచ్చింది. ఆ మధ్యాహ్నమే ఆఫీసరమ్మ, "వెనక మూసి ఉండేవి కొనుక్కోండి. మరీ ఖరీదైనవి మాత్రం వద్దు" అంది.

బస్టాపు వెనక సందులో రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన దుకాణముంది. ఆయన కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉండేది. నాలుగు జతలు బల్ల మీద పెట్టి, "పేరు చూడకండి, డబ్బా చూడకండి. మీకు కంఠతా వచ్చిన గొంతేదైనా ఉందా? దాంతో వినండి" అన్నాడు.

ఆమె ఫోనులో మాస్టారు చదివిన ఒక పేజీ ఉంది. మొదటి జతలో ఆయన కుండలో తల పెట్టి మాట్లాడినట్టు బోలుగా వినిపించాడు. రెండోదాంట్లో సకారాలు, శకారాలు సూదుల్లా గుచ్చుకున్నాయి. బ్యాటరీతో బయటి రొద చంపే మూడోది పెట్టుకోగానే లిఫ్టులో దిగుతున్నట్టు చెవులు బిగుసుకున్నాయి, అడుగున సన్నగా బుస. నాలుగోది చూడ్డానికి బండగా ఉంది. నలుపు, లావుపాటి తీగ. కానీ మెత్తలు చెవుల చుట్టూ చక్కగా కూర్చున్నాయి. మాస్టారు తన మామూలు గొంతుతో, తన మామూలు కుర్చీలో కూర్చుని చదివాడు.

"కళ్ళజోడు పెట్టుకునే వింటున్నారుగా? కాడ దగ్గర సందు పడితే మంద్రస్వరం పోతుంది. అరగంట అలాగే ఉండండి, దవడ నొప్పి పుడితే వద్దు" అన్నాడాయన.

ఆమె స్టూలు మీద కూర్చుని వీధిలోకి చూసింది. బస్సు వచ్చి ఆగింది, కండక్టరు నోరు తెరిచి అరిచాడు. మాస్టారి గొంతు తప్ప ఏమీ వినిపించలేదు. దవడ నొప్పి పుట్టలేదు. నాలుగోదే కొనుక్కుంది.

మూడో రోజున మొదలైంది. నలభై ఒకటో పేజీలో మాస్టారు పేరాకు పేరాకు మధ్య ఊపిరి తీసుకునే ఖాళీలో ఎవరో నడుస్తున్నారు. తడి ఇసుక మీద వట్టి పాదాలతో నడిచినట్టు, మెత్తగా, తీరిగ్గా. హుష్... హుష్... హుష్. ఆమె తప్పుల కాగితంలో "గదిలో అడుగుల చప్పుడు" అని రాసింది.

మాస్టారికి కోపమొచ్చింది. "అదేంటమ్మా? తలుపేసుకుని నేనొక్కణ్ణే కదా చదివింది!"

"నాకు వినిపించింది రాశానండీ. మీ ఎడమ పక్క ఎవరో నడిచారు."

"ఎడమ పక్క గోడే ఉంది."

నిజమే, గోడే ఉంది. ఆమె మరో పుస్తకం పెట్టింది. పదకొండేళ్ళ కిందట ఒక నర్సమ్మ చదివిన కథలవి. ఆ నర్సమ్మ చదివింది కూడా ఈ గదిలో కాదు, పాత భవనంలో. మొదటి కథ ముగిసింది. రెండోది మొదలయ్యే లోపు ఆరు క్షణాల నిశ్శబ్దం. అందులోకి అడుగులు వచ్చాయి. అవే పాదాలు, అదే తీరు. ఎడమ పక్కనే.

ఆమె ఆపే మీట నొక్కింది. గొంతు ఆగింది కానీ నడక ఆగలేదు. తీగ పట్టుకుని యంత్రంలోంచి లాగేసింది. ఊడిన కొస ఆమె ఒళ్ళో పడి ఉంది. హెడ్‌ఫోన్లకు ఇప్పుడు దేనితోనూ సంబంధం లేదు. అయినా ఆ నడిచే మనిషి నడుస్తూనే ఉన్నాడు. పైగా ఇప్పుడు వడివడిగా నడుస్తున్నాడు.

అవి తీసి బల్ల మీద పడేసింది. ఫ్యాను రొద, టైపు చప్పుడు, కింద వీధి గోల ఒక్కసారిగా మీద పడ్డాయి. వాటిలో అడుగులు మునిగిపోయాయి.

ఆ సాయంత్రం పిన్ని, "ఏమే, మొహం అలా పాలిపోయిందేం?" అని అడిగింది. చెబితే రెండుసార్లు అరిచి చెప్పాలి. అలాంటి మాట అరిచి చెప్పడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. "తలనొప్పి" అంది. అది అబద్ధమూ కాదు. నెలరోజులుగా ఎడమ కణత దగ్గర ఏదో బరువు.

మర్నాడు హెడ్‌ఫోన్లు సంచిలో వేసుకుని రేడియో పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. "ఇందులో ఎవరో ఉన్నారండీ" అంది. అన్నాక తన మాట తనకే వింతగా తోచింది.

ఆయన నవ్వలేదు. తన చెవులకు పెట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. "నాకేం లేదమ్మా. మీరు పెట్టుకోండి." ఆమె పెట్టుకుంది. అడుగుల చప్పుడు వచ్చేసింది, తన కోసమే గుమ్మంలో కాచుకుని ఉన్నట్టు. ఆమె కళ్ళు చూసి ఆయనకు అర్థమైంది. ఒక పక్క మెత్తను కొంచెం పైకెత్తి, "ఎటు పక్క?" అన్నాడు.

"ఎడమ."

"చెయ్యి ఇలా ఇవ్వండి." మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, గోడ మీద ఎటో చూస్తూ, మెల్లగా లెక్క పెడుతున్నట్టు అన్నాడు: "ఇప్పుడు... ఇప్పుడు... ఇప్పుడు..."

ఆయన నోటి నుంచి వచ్చే ప్రతి మాటా సరిగ్గా ఒక అడుగు మీద పడుతోంది. ఒక్కటీ తప్పలేదు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నడిచేది మీ నెత్తురే తల్లీ" అన్నాడాయన. "వెనక మూసి ఉండేవి బయటిది లోపలికి రానివ్వవు. లోపలిది అప్పుడే తెలుస్తుంది. గుండె చప్పుడు ఎవరికైనా కాస్త వినిపిస్తుంది, కానీ రెండు పక్కలా సన్నగా. ఒక్క పక్కనే ఇంతలా అంటే నాకు నచ్చలేదు. డాక్టరుకి చూపించండి. రేపూ మాపూ అనకండి."

దయ్యం కాదని తెలిస్తే భయం పోవాలి. ఆమెకు రెట్టింపైంది. దయ్యమైతే హెడ్‌ఫోన్లతో పాటు అక్కడే వదిలేసి రావచ్చు.

డాక్టరమ్మ మొదట మామూలుగానే విన్నది. చెవిలోకి దీపం వేసి చూసింది, బాగానే ఉందంది. తర్వాత ఏమనుకుందో, స్టెతస్కోపు తీసి ఎడమ చెవి వెనక ఎముక మీద ఆనించింది. గదిలో గడియారం తప్ప చప్పుడు లేదు. డాక్టరమ్మ ముఖంలో ఏదో మారింది.

"మీది భ్రమ కాదండీ" అంది నెమ్మదిగా. "నాకూ వినిపిస్తోంది."

తన తలలో నడిచే అడుగులను ఇంకొకరు వింటున్నారు. ఇన్నాళ్ళ భయంలోనూ ఇంత చలి ఆమెకు ఎప్పుడూ వేయలేదు.

స్కానింగులో తేలింది. మెదడు పైపొరలో ఒక ధమని దారి తప్పి నేరుగా సిరలో కలిసింది. నెత్తురు అక్కడ వరదలా దూకుతోంది. వదిలేస్తే ఏదో ఒకనాడు చిట్లేదట. పిన్నికి అరిచి చెప్పక తప్పలేదు. ఆవిడ విని, "నాలాగ చెవిటిదానివై ఉంటే నీకు తెలిసేదే కాదు కదే" అంది. ఆ పూట ఆవిడ నవ్వలేదు.

తొడ దగ్గర నాళంలోంచి సన్నటి గొట్టం పైదాకా పంపి ఆ కలిసిన చోటును మూసేశారు. తెలివొచ్చేసరికి గదిలో ఏదో లేదు. ఏది లేదో తెలియడానికి ఆమెకు కొంత సేపు పట్టింది. నడిచే మనిషి వెళ్ళిపోయాడు. ఆ ఖాళీలో ఆమె తెల్లబోయి పడుకుని ఉండిపోయింది, ఇంట్లోంచి ఎవరో చెప్పకుండా లేచి వెళ్ళినట్టు.

రెండు నెలలకు పనిలో చేరింది. ముందుగా మాస్టారి దగ్గరికి వెళ్ళి, "తప్పు మీది కాదండీ. ఆ అడుగులు నావే" అని జరిగిందంతా చెప్పింది.

మాస్టారు గట్టిగా ఊపిరి వదిలాడు. "ముందే చెప్పొద్దటమ్మా! నువ్వలా రాసినప్పట్నుంచీ ఆ గదిలో ఒంటరిగా కూర్చోవాలంటే ప్రాణం మీదికొచ్చింది. తలుపు తీసి పెట్టుకునే చదివాను."

ఆమె ఆ కొత్త హెడ్‌ఫోన్లే పెట్టుకుని, తాను లేనప్పుడు ఆయన చదివింది విన్నది. మూడు అధ్యాయాల నిండా బస్సు హారన్లు. అన్నీ మళ్ళీ చదవాల్సి వచ్చింది. మాస్టారు గాజు గదిలోకి వెళ్ళి, కూర్చోబోయి, ఎడమ పక్క గోడను ఒకసారి తడిమి చూశాడు.

"ఎవరూ లేరు కదా?"

"లేరండీ, చదవండి" అని ఆమె తలుపు వేసింది.