ఎడమచేతి టేపు

మంగళవారం మధ్యాహ్నం మెకానిక్ అదుసేయ్ మాస్టర్, బట్టల కొట్టు నడిపే డుఫీ టాక్సీని సువామె కూడలి దగ్గరి ట్రాఫిక్‌లో రెండు చుట్లు తిప్పి తెచ్చి, తన షెడ్డు ముందు ఇంజను కట్టేసి, కెంకె అనే మొక్కజొన్న ముద్ద పొట్లం విప్పుకుని కూర్చున్నాడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆ బండి తాళం తిప్పీ తిప్పగానే లేస్తుంది. బాగా కాగాక ఆపి కాసేపు వదిలేస్తేనే దాని జబ్బు బయటపడుతుంది. వేయించిన చేప, మిరపకాయ పచ్చడి నంజుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కుని తాళం తిప్పాడు. స్టార్టరు గిరగిరా తిరిగింది. ఇంజను అందుకోలేదు.

"చూశావా మాస్టరూ? ముసలి మేకలా దగ్గుతుందే గానీ లేవదు" అన్నాడు కొత్త డ్రైవరు అనానె.

అనానె డుఫీకి స్వయానా అక్క కొడుకు. చర్చిలో పాటలు పాడతాడు. పెట్రోలు పెద్ద బంకులో తప్ప పోయించడు.

అదుసేయ్ బానెట్ ఎత్తాడు. రెండు నెలల క్రితం ఇదే బండి, ఇదే జబ్బు. అప్పుడు తోలేవాడు కెస్సే. ప్లగ్గులు మార్చినా, పంపు విప్పి కడిగినా లొంగలేదు. నాకు తెలియలేదు అనడానికి నోరు రాక, మార్కెట్లో డుఫీ బట్టల కొట్టుకు పోయి, బేరాలకొచ్చిన వాళ్లందరి ముందూ అనేశాడు: "అమ్మా, నీ డ్రైవరు రోడ్డు పక్క డబ్బాల్లో కిరోసిన్ కలిపిన పెట్రోలు కొంటున్నాడు. మిగిలింది జేబులో వేసుకుంటున్నాడు. ఇంజను మాత్రం ఏం చేస్తుంది?" పెట్రోలు ఎక్కువ తాగుతోందని ఆవిడకు అప్పటికే అనుమానం. ఆ సాయంత్రమే కెస్సే దగ్గర తాళాలు లాక్కుంది.

డ్రైవరు మారాడు. జబ్బు మారలేదు.

అదుసేయ్ ట్యాంకులోంచి కాస్త పెట్రోలు తీసి వాసన చూశాడు. శుభ్రంగా ఉంది. ప్లగ్గు విప్పితే నల్లగా, తడిగా ఉంది. మళ్లీ బిగించి, యాక్సిలరేటరు నేలకంటా తొక్కిపట్టి తాళం తిప్పాడు. బండి నల్లటి పొగ కక్కి లేచింది. అంటే పెట్రోలు ఎక్కువై మునిగిపోతోంది. కాలిపోతున్న ఇంజను మంచులా చల్లగా ఉందని ఎవరో బండికి అబద్ధం చెబుతున్నారు, అందుకే అది పెట్రోలు ఎక్కువ పోస్తోంది. ఆ సంగతి చెప్పేది నీళ్ల గొట్టం మొదట్లో ఉండే వేలెడంత సెన్సరు. అదుసేయ్ వంగి చూశాడు.

సెన్సరు తీగకు నల్ల టేపు చుట్టి ఉంది. అందరూ చుట్టేలా కాదు, ఎదురు తిప్పుడు. బళ్లో మాస్టర్లు బెత్తంతో కొట్టి మాన్పించినా, పదిమందిలో ఎవరికీ ఎడమచెయ్యి చూపించకపోయినా, బానెట్ కింద మాత్రం అదుసేయ్‌ది ఎడమచెయ్యే. ఆ పేటలో టేపు అలా చుట్టేవాడు ఇంకొకడు లేడు.

అప్పుడు గుర్తొచ్చింది. కిందటేడు, ఇక్కడి ఫిట్టర్లంతా చేసినట్టే, ఇంజను వేడిని పట్టి ఉంచే థర్మోస్టాట్ ఈ ఎండల్లో ఎందుకని పీకేస్తుంటే సెన్సరు తీగల కనెక్టరు చేతిలో పొడిపొడి అయిపోయింది. తీగలు మెలేసి, టేపు చుట్టి, మరిచిపోయాడు. ఇప్పుడు విప్పితే మెలిక వదులై ఉంది. చల్లగా ఉంటే అంటుకుంటోంది, వేడెక్కితే విడిపోతోంది.

కొత్త కనెక్టరు పెట్టి సోల్డరింగ్ చేశాడు. బండిని మళ్లీ కాగేదాకా తిప్పి, ఆపి, ఆగి, తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే లేచింది.

"ఆ కిరోసిన్ గాడు తీగలు కూడా కెలికాడన్నమాట!" అన్నాడు అనానె.

అదుసేయ్ చేతులు తుడుచుకుంటూ "ఊఁ" అన్నాడు.

టాక్సీ వెళ్లిపోయాక కూడా ఆ ఊఁ నోట్లోనే ఉన్నట్టనిపించింది. రెండుసార్లు నీళ్లు పుక్కిలించాడు.

తెల్లవారగానే కానుకగా జిన్ను మందు సీసా పట్టుకుని ఫిట్టర్ల పెద్ద నానా డ్వొమో ఇంటికి వెళ్లాడు. తప్పు చేసినవాడు ఒక్కడే పోయి క్షమించమంటే ఇక్కడ చెల్లదు. అతని తరఫున ముందొక పెద్దమనిషి మాట్లాడాలి.

"సీసాతో వచ్చావంటే పెద్దదే చేసుంటావు. ఎవరి పెళ్లాం రా?" అన్నాడు ముసలాయన.

"పెళ్లాం కాదు నానా. తీగ."

ముసలాయన పకపకా నవ్వాడు. అంతా విన్నాక నవ్వు ఆపి చెప్పులు వేసుకున్నాడు.

నానా కబురు పంపితే కెస్సే కూడా డుఫీ కొట్టుకు వచ్చాడు. రెండు నెలలుగా బస్ స్టేషన్లో ఎవరెవరివో బస్సులు కడుగుతున్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది, కాళ్లు తడి. నానా గొంతు సవరించుకుని, "మా వాడి వల్ల ఒక పొరపాటు..." అని మొదలుపెట్టాడు.

డుఫీ చెయ్యెత్తి ఆపింది. "మీరాగండి నానా. దొంగ అన్నరోజు ఈయనగారికి పెద్దమనిషి తోడు అక్కర్లేకపోయిందే! ఒక్కడే వచ్చి, కొట్టు నిండా జనం ఉండగా వాగాడు. ఇవాళ నోరు పడిపోయిందా?"

అదుసేయ్ చెప్పాడు. పొడి మాటల్లో, నేలకేసి చూస్తూ. నిన్నటి ఊఁ సంగతి కూడా చెప్పాడు. బట్టలు చూస్తున్న ఆడవాళ్లు మడతలు విప్పడం ఆపేశారు.

"నా తప్పు మాత్రం తక్కువా? విని నమ్మేశాను కదా," అంది డుఫీ కెస్సే వైపు తిరక్కుండానే. "సోమవారం వచ్చి తాళాలు తీసుకో. అనానె తోలడానికి నా మినీబస్సు ఉంది."

కెస్సే తలూపాడు. తర్వాత అదుసేయ్‌ని చూశాడు. "మాస్టరూ, స్టేషన్లో నన్ను కెస్సే అని పిలిచేవాడు లేడు. కిరోసిన్ అంటారు. మా బావమరిది కూడా అంటాడు. అక్కడికొచ్చి చెప్తారా?"

అదుసేయ్ నానా వైపు చూశాడు. నానా వేలాడుతున్న బట్టల వైపు చూశాడు.

"వస్తాను" అన్నాడు అదుసేయ్.

స్టేషన్లో డ్రైవర్లు చుట్టూ మూగి విన్నారు. "మరి మాస్టర్‌ని ఇక ఏమని పిలవాలి?" అన్నాడొకడు. "టేపు!" అని అరిచాడు వెనక నుంచి ఇంకొకడు. అందరూ నవ్వారు. కెస్సే నవ్వలేదు. బకెట్టు తీసుకుని సగంలో వదిలేసిన బస్సు దగ్గరికి వెళ్లాడు.

సోమవారం నుంచి టాక్సీ మళ్లీ కెస్సేదే. అదుసేయ్‌ని చూస్తే నమస్కారం పెడతాడు, పేరు పెట్టి పలకరిస్తాడు. ఆయిలు మార్చాల్సి వస్తే మాత్రం, అతని షెడ్డు దాటి నాలుగో షెడ్డుకు పోతాడు.