కాకను ఒక్కరోజు ఆగమన్నాను

పోయిన ఆదివారం సూరత్ డిండోలిలో మా అమ్మానాన్నలు, అదే అవ్వా బాపూ, ఉండే బిల్డింగు మెట్లెక్కుతుంటే, రెండో అంతస్తు వరండా తీగ మీద కొత్త తెల్ల ఏప్రాన్ ఒకటి ఆరేసి కనిపించింది. ఆ ఇంటి తెలుగమ్మాయికి ఈ ఏడు మెడిసిన్ సీటు వచ్చిందట. కాలేజీ మొదలై నెల కూడా కాలేదు, అప్పుడే ఎదురింటావిడ షుగరు రిపోర్టు పట్టుకుని ఆ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ పిల్ల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, అంతా తెలిసినట్టు తలూపుతోంది. పలకరించకుండానే పైకి వెళ్ళిపోయాను కానీ, అన్నం తింటున్నంతసేపూ ఆ తలూపడమే కళ్ళముందు ఆడింది. ముప్పై నిండని దాన్ని, జ్ఞాపకాలు రాసుకునే ఈడు కాదని తెలుసు. అయినా వైద్యం చదువు మొదలుపెట్టిన ఏడాదే లోకం తలుపులు మూసుకోవడం చూసిన నా తోటివాళ్ళకు, మనం ఎంత తొందరగా పెద్దవాళ్ళమయ్యామో వేరే చెప్పనక్కరలేదు.

మాది సిరిసిల్ల వైపు పల్లె. బాపు సాంచెల మీద పని కోసం సూరత్ వచ్చాడు, నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడి తెలుగు బడిలోనే అక్షరాలు దిద్దాను. పాతికేళ్ళు ఆ మరమగ్గాల చప్పుడులో నిలబడి బాపుకు చెవులు సగం పోయాయి, అందుకని ఆయన ఏ మాట చెప్పినా అరిచే చెబుతాడు. నాకు సీటు వచ్చిన రోజు ఊరికి ఫోన్ చేసి చెబుతుంటే, వీధి చివర పాన్ దుకాణం దాకా కబురు చేరిపోయింది. మర్నాటి నుంచి నేను అందరికీ డాక్టరమ్మనే.

మొదటి ఏడాది చదువులో జబ్బుల గురించి చెప్పేది ఎంత తక్కువో ఆ పిలిచేవాళ్ళకేం తెలుసు. ఎముక మీది గుంతల పేర్లు, నరం ఎటు నుంచి ఎటు పోతుందో, గుండె నిమిషానికి ఎంత రక్తం తోస్తుందో, ఇవే పొద్దస్తమానం వల్లెవేసేవాళ్ళం. శవాన్ని కోసే హాలులోకి మొదటిసారి వెళ్ళిన రోజు పక్కనున్న గుజరాతీ అమ్మాయి భుజం పట్టుకుని నిలబడ్డాను. ఇంటికొచ్చినా శవం పాడవకుండా వాడే ఆ మందు వాసన జడలోంచి పోయేది కాదు, తలస్నానం చేస్తే గాని అవ్వ నన్ను వంటింటి వైపు రానిచ్చేది కాదు. సీనియర్ దగ్గర అడిగి తెచ్చుకున్న ఎముకల పెట్టె మంచం కింద ఉండేది. అవి ఎవరివో ఏమోనని అవ్వ రోజూ దాని ముందు ఒక ఊదుబత్తి వెలిగించేది, దండం మాత్రం పెట్టేది కాదు.

పక్క గదిలో కాకా చిన్నమ్మా ఉండేవారు. రక్తసంబంధం కాదు, ఒకే ఊరివాళ్ళం. గుజరాతీలోనూ కాక అంటే చిన్నాయనే గనుక బిల్డింగు మొత్తానికీ ఆయన కాకే అయిపోయాడు. రంగుల మిల్లులో పని, గోళ్ళకు ఎప్పుడూ నీలమో ఎరుపో అంటుకునే ఉండేది. పిల్లలు లేరు, నన్నే బిడ్డా అనేవాడు. ఊరి ముచ్చట ఎత్తుకున్నాడంటే మధ్యలో ఊపిరి తీసుకుంటున్నట్టు కూడా ఉండేది కాదు. నేను ఎముకల పేర్లు బట్టీపడుతుంటే గుమ్మంలో కూర్చుని వినేవాడు, క్లావికల్‌ను కళావతి చేసేసి, కళావతి యాడుందో చెప్పు అని నన్నే పరీక్ష అడిగేవాడు.

ఆ తరవాత కరోనా వచ్చి అన్నీ మూతపడ్డాయి. సాంచెలు ఆగిన తెల్లవారి ఆ నిశ్శబ్దానికి బాపు నిద్ర లేచి, ఏమైంది ఏమైంది అని అరవడం నాకింకా గుర్తే. నడిచి కొందరు, లారీలెక్కి కొందరు, తరవాత రైళ్ళలో కొందరు, మావాళ్ళంతా ఊళ్ళకు పోయారు. మేం పోలేదు. నా కాలేజీ రేపోమాపో తెరుస్తారని బాపు ఆగాడు, బాపు ఆగాడని కాక ఆగాడు. మా మెట్ల వెంబడి తలుపులకు తాళాలు పెరిగేకొద్దీ నాలో ఒకటే భయం పెరిగేది, ఎవరికి ఏమైనా అది నా చదువు వల్లే అవుతుందని. గుక్క తిప్పుకోకుండా అంబులెన్సులు పోయేవి. ఒక్కటి మా వీధిలోకి మళ్ళితే చాలు, అందరం కిటికీ రెక్కలు వేసుకునేవాళ్ళం.

వానలు పడి, మిల్లులు కొన్ని తెరిచాక, కాకకు జ్వరం వచ్చింది. నాలుగో రోజు మధ్యాహ్నం చిన్నమ్మ మా గుమ్మం అవతల నిలబడి, జర చూడు బిడ్డా అంది. నేను వాళ్ళ గడప దాకా వెళ్ళాను, దాటలేదు. కాక గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. మొహం పీక్కుపోయింది గాని, నన్ను చూసి నవ్వాడు, కళావతి మంచిగున్నదా అని అడిగాడు. ఆయాసం లేదు. గోళ్ళు నీలంగా ఉన్నాయి, అవెప్పుడూ అంతే కదా అనుకున్నాను. దవాఖానకు పోవాల్నా అని చిన్నమ్మ అడిగింది.

ఇక్కడ నిజం చెప్పాలి. ఆ క్షణం నా తలలో ఉన్నది చదువు కాదు. ఆయనను తీసుకుపోతే బిల్డింగుకు రేకులు కొట్టి మూసేస్తారు, రేపు బాపునూ తీసుకుపోతారు, ఆయనకు చెవులు వినపడవు, ఆ వార్డులో ఎవరేం చెప్పారో కూడా తెలియక ఒంటరిగా పడి ఉంటాడు. ఇదే ఆలోచించాను. ఆలోచించి, డాక్టరమ్మ గొంతుతో, "ఊపిరి మంచిగనే ఆడుతున్నది చిన్నమ్మా, ఒక్కరోజు చూద్దాం" అన్నాను. ఆమె నాకు దండం పెట్టింది.

మర్నాడు పొద్దున ఫోన్లో ఫిజియాలజీ క్లాసు. అప్పటికి వార్డు డ్యూటీలు చేసి గొంతు పోయిన మా మేడమ్, రక్తం ఆక్సిజన్‌ను ఎలా మోస్తుందో చెబుతూ మధ్యలో పుస్తకం పక్కన పెట్టారు. ఊపిరాడని అలమటింపు పుట్టించేది ముఖ్యంగా ఆక్సిజన్ తగ్గడం కాదు, బొగ్గుపులుసు వాయువు పెరగడం. అందుకే ఇప్పుడు వార్డుల్లో ఆక్సిజన్ సగం పడిపోయినవాళ్ళు కూడా మంచం మీద కూర్చుని నవ్వుతూ మాట్లాడుతున్నారు, కాసేపటికి కూలిపోతున్నారు, గోళ్ళను నమ్మకండి, నాలుక చూడండి అన్నారు. ఆ తరవాత ఆవిడ ఏం చెప్పారో నేను వినలేదు. ఫోన్ మంచం మీద అలాగే మాట్లాడుతూ ఉంది, నేను పక్క గదిలో ఉన్నాను. ఈసారి గడప దాటాను.

"నాలుక చూపియ్యి కాకా."

"ఏంది బిడ్డా, గిట్ల ఉరికొచ్చినవ్?"

నాలుక నేరేడు పండు తిన్నట్టుంది. నేను నూట ఎనిమిదికి ఫోన్ చేస్తుంటే కాక గోడవైపు తిరిగి పడుకున్నాడు. "నేను రాను. పోయినోళ్ళు ఎవరన్న తిరిగొచ్చిండ్రా? ఇంట్లనే పోత" అన్నాడు. చిన్నమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. విషయం అర్థమై బాపు గుమ్మంలోంచి అరవడం మొదలుపెట్టాడు, నువ్వు పోకుంటే నేను ఎత్తుకపోత, సావు నీ ఒక్కనికే ఉన్నదా అని. ఆ అరుపులకు బిల్డింగంతా తలుపులు తెరిచి, సంగతి తెలిసి, ఒక్కొక్కటే మూసుకుంది. నేను కాక పక్కన కూర్చుని, నిన్న నేను చెప్పింది తప్పు కాకా అన్నాను. ఆయన గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. "నువ్వొస్తవా?" అన్నాడు. వస్తానన్నాను.

మా కాలేజీ ఆస్పత్రే అది, అయినా గేటు దాకానే రానిచ్చారు. స్ట్రెచర్ లోపలికి పోతుంటే ఆయన తల తిప్పి చూశాడు, నా ముక్కుకు మాస్కు ఉంది, ఏడుస్తున్నానో లేదో ఆయనకు తెలిసి ఉండదు. మూడు నెలల కింద అదే ప్రాంగణంలోకి ఏప్రాన్ మడతపెట్టి చేతిలో పట్టుకుని, లోకమంతా చూడాలన్నట్టు నడిచిన దాన్ని. ఆ రోజు గూర్ఖా పొమ్మంటే గోడవారగా తిరిగొచ్చాను.

సాయంత్రానికి ఎవరూ దాటకుండా మా మెట్లకు అడ్డంగా వెదురు బొంగులు కట్టారు. డాక్టరమ్మా అని పిలిచిన నోళ్ళే, ఎముకలు ఇంట్లో పెట్టుకుంటే ఇట్లనే అయితదని అన్నాయి. అవ్వ ఊదుబత్తి మానేసింది. రోజూ పొద్దున చిన్నమ్మ గోడ మీద తట్టేది, నేను ఆస్పత్రి నంబరుకు ఫోన్ చేసి, వాళ్ళు హిందీలో చెప్పిన రెండు ముక్కలు గోడ ఇవతలి నుంచి ఆమెకు చెప్పేదాన్ని. ఒకరోజు ఒక డాక్టరు కొంచెం ఓపికగా మాట్లాడి, ఒక్కరోజు ముందు తెచ్చి ఉంటే బాగుండేదన్నారు. అది మాత్రం గోడ అవతలికి చెప్పలేదు. రాత్రిళ్ళు బాపు దగ్గితే లేచి కూర్చునేదాన్ని, టార్చి వేసి నాలుక చూసేదాన్ని, ఆయన విసుక్కునేవాడు.

ఇరవై నాలుగో రోజు కాక తిరిగొచ్చాడు. సగం మనిషి అయ్యాడు. మూడు అంతస్తులు ఎక్కడానికి అరగంట పట్టింది. కొన్నాళ్ళు పోయాక, చిన్నమ్మ నీళ్ళకు వెళ్ళినప్పుడు, ఆయన పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. తెలియక కాదు కాకా, భయపడి ఆగమన్న అన్నాను. ఆయన ఊపిరి కూడగట్టుకుని, ఆగి ఆగి, "నాకెర్కనే. నువ్వు గడప దాటలే గదా" అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "నువ్వు ఒక్కరోజు అంటే నా పానం నిమ్మలమైంది బిడ్డా. నేను గూడ గదే కోరుకున్న" అన్నాడు. ఆ మాటతో నా భారం దిగిందని మీరనుకోవచ్చు. దిగలేదు. ఇద్దరం మోశాం, అంతే.

రంగుల మిల్లు ఆవిరిలో ఇక నిలబడలేడు గనుక, ఆ దీపావళికి ముందే కాకా చిన్నమ్మా ఊరు చేరుకున్నారు. వాళ్ళ గదిలో ఇప్పుడు ఎవరో కొత్తవాళ్ళున్నారు, పేర్లు తెలియవు. ఒకప్పుడు మా వరండాలో ఏ తలుపు నెట్టినా తెరుచుకునేది, ఎవరింట్లో కూర వాసన బాగుంటే అక్కడ కంచం పెట్టుకునేదాన్ని. వెదురు బొంగులు విప్పేసి ఇన్నేళ్ళయినా ఆ తలుపులు మాత్రం ముందులా తెరుచుకోలేదు. నేనూ మారాను, ఇప్పుడు వార్డులో రోగిని ఆగమని చెప్పాల్సి వచ్చినప్పుడు, ఆ మాట నా చదువు చెబుతోందా, నా భయం చెబుతోందా అని లోపల ఒకసారి తడుముకుంటాను. పండగకో పబ్బానికో కాక ఫోన్ చేస్తాడు. ఊరి ముచ్చట హుషారుగానే ఎత్తుకుంటాడు, నాలుగు మాటల దగ్గర ఊపిరి అందక ఆగిపోతాడు. ఆ ఆగినచోట నేను ఆయన ఊపిరి లెక్కపెడుతుంటాను. కాసేపటికి ఆయనే, "ఉన్నవా బిడ్డా?" అంటాడు.

ఉన్న కాకా, అంటాను.