వచ్చింది ముందు రాయండి

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, సూర్యాపేట నుంచి కోదాడలోని ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలకు ఫిజిక్స్ లెక్చరర్‌గా బదిలీ అయ్యాను. మరుసటి మే నెలలో డిగ్రీ ప్రవేశాల సహాయ కేంద్రం ఇన్‌చార్జి పని కూడా నా నెత్తిన పడింది. నిజం చెప్పాలంటే లోలోపల ఎగిరి గంతేశాను. ఎక్కడ ఏ కోర్సు ఉందో పిల్లలకు చెప్పడమంటే నాకు పాఠం చెప్పడం కన్నా ఇష్టం.

ప్రవేశాలన్నీ ఆన్‌లైన్‌లోనే. విద్యార్థి పేరు నమోదు చేసుకుని, తనకు కావలసిన కాలేజీలను, కోర్సులను వరుసగా పెట్టుకోవాలి. వాటినే వెబ్ ఆప్షన్లు అంటారు. కంప్యూటరు ఆ జాబితాను పైనుంచి చదువుతుంది. మార్కులు సరిపోయే మొదటి సీటు తగలగానే ఇచ్చేసి ఆగిపోతుంది. కింద ఏమున్నా చూడదు. తర్వాతి విడతలు ఉంటాయి గాని, తక్కువ సీట్లున్న కోర్సులు మొదటి విడతలోనే నిండిపోతాయి.

అనంతగిరి నుంచి వచ్చే స్రవంతికి కావలసింది అలాంటి కోర్సే. ఆమె తండ్రి వెంకన్న సున్నపురాయి గనిలో పనిచేసేవాడు. ఒకరోజు ఆ అమ్మాయి చారలున్న రాయిముక్క ఒకటి ల్యాబ్‌కు పట్టుకొచ్చి, చారలెందుకు వచ్చాయని అడిగింది. నాకు తెలియదు. భూగర్భశాస్త్రం చదివినవాళ్లకు తెలుస్తుందన్నాను. అలాంటి చదువొకటి ఉందని ఆమె వినడం అదే మొదలు. ఆ రోజు నుంచి హైదరాబాద్‌లో ఆ కోర్సున్న కాలేజీ గురించి అడగని రోజు లేదు. ఆమెకన్నా నాకే ఆత్రం ఎక్కువైంది.

మొదటి విడత ఆప్షన్లకు ఆఖరి రోజు. సాయంత్రం అయిదింటికి గడువు. మూడు గంటలకు స్రవంతి, సహాయ కేంద్రం నడిచే ల్యాబ్‌కు మిఠాయి పొట్లంతో వచ్చి, నెట్ సెంటర్‌లో ఆప్షన్లు పెట్టించానంటూ ప్రింటు నా చేతికిచ్చింది. తప్పకుండా సీటొచ్చే కోదాడ కాలేజీ అన్నింటికన్నా పైన ఉంది. హైదరాబాద్ భూగర్భశాస్త్రం అట్టడుగున ఉంది.

"ఇదేందమ్మా, గిట్ల పెట్టినవ్?" అన్నాను.

"మీరే చెప్పిండ్రు కద మేడం. వచ్చింది ముందు రాయాలె, వస్తదో రాదో తెల్వనిది ఆఖరికి రాయాలె అని."

చెప్పాను. ఏడాది పొడవునా, ప్రతి పరీక్షకు ముందూ, వాళ్ల చెవులు చిల్లులు పడేలా చెప్పాను. ఆప్షన్ల గురించి మాత్రం 'ప్రాధాన్య క్రమంలో పెట్టండి' అని ఒక్క ముక్కతో సరిపెట్టాను. సూర్యాపేటలో అంతకుముందు పనిచేసిన అన్నేళ్లూ నాకు ఈ పని లేదు కాబట్టి తెలియలేదని ఒక సాకు ఉంది. ఆ సాకు నాకే నచ్చలేదు.

స్రవంతి ఒక్కతే ఇలా పెట్టి ఉండదని వెంటనే తట్టింది. మిగతా లెక్చరర్లకు తలా ఒక జాబితా ఇచ్చి పిల్లలకు ఫోన్లు చేయించాను. సెలవుల్లో మిర్యాలగూడ రైస్ మిల్లులో పనికి కుదిరిన రమేష్ అక్కడే నెట్ సెంటర్‌కు పరుగెత్తి వరుస మార్చుకున్నాడు. తక్కిన వాళ్లూ ఒక్కొక్కరే దారికొచ్చారు. స్రవంతిదే తెగలేదు. లాగిన్ పిన్ నెట్ సెంటర్ అతను పెట్టాడు. దుకాణం మూసి ఉంది. కొత్త పిన్ కావాలంటే ఓటీపీ వెంకన్న ఫోన్‌కే వెళ్తుంది. గనిలో పేలుళ్ల భయంతో ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టించుకుంటారు. ఆయన షిఫ్టు దిగేది అయిదింటికే.

గేటు నంబరు సంపాదించి ఫోన్ చేసి, వెంకన్న ఫోన్‌కు వచ్చే ఓటీపీ చదివి చెప్పమన్నాను. కాపలా మనిషి రూల్ ఒప్పుకోదన్నాడు. "అయ్యా, నేను చేసిన తప్పు ఆ పిల్ల మీద పడుతుంది. ఫోన్ నువ్వు ముట్టుకోకు, వెంకన్నను గేటు దాకా పిలువు చాలు" అన్నాను. ఆయన కాసేపు గొణిగి, సరేనన్నాడు. నాలుగూ నలభై అయిదుకు వెంకన్న లైనులోకి వచ్చాడు. పరుగెత్తి వచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు. ఫోన్ స్రవంతి చేతికిచ్చాను.

"ఏమైంది బిడ్డా, సీటు పోయిందా?"

"పోలె నాయినా. నీ ఫోన్‌కు నంబరొస్తది, సదువు."

మొదటిసారి ఆయన అంకెలు కూడబలుక్కునేలోగా ఓటీపీ గడువు దాటిపోయింది. రెండోసారి కాపలా మనిషే పక్కన నిలబడి గట్టిగా చదివాడు. రూలు సంగతి ఆయనా మరిచిపోయాడు. భూగర్భశాస్త్రం పైకి చేరింది, స్రవంతి సేవ్ నొక్కింది. గోడ గడియారం అయిదుకు నాలుగు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఇద్దరం ల్యాబ్‌లో కేకలు పెట్టిన మాట వాస్తవం. అటెండరు కరెంటు షాక్ కొట్టిందనుకుని పరుగెత్తుకొచ్చాడు.

సీటు వచ్చింది. మొదటి సెలవులకు ఊరొచ్చినప్పుడు, ఆ రాయికి చారలెందుకో స్రవంతి నాకు పావుగంట పాఠం చెప్పింది.

పరీక్షకు ఇచ్చే సలహా పరీక్షకే పనికొస్తుందని, ఆ హద్దు చెప్పాల్సిన పని కూడా ఉపాధ్యాయులదేనని నాకు ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత నా సర్వీసులో మిగిలిన రెండేళ్లూ కేంద్రంలో ఒక పద్ధతి పెట్టాను. ప్రతి విద్యార్థీ తన జాబితాను పైకి చదవాలి, మొదటిది మొదట ఎందుకుందో చెప్పాలి. "ఇది నాకు కావాలి" అన్నవాళ్లను సేవ్ నొక్కనిచ్చాను. "ఇది తప్పకుండా వస్తది" అన్నవాళ్లను మళ్లీ కూర్చోబెట్టాను.